గేటు లెక్క వరద రోజున కాదు, ఎండాకాలంలోనే కట్టి పెట్టుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

డ్యాం గేటు కొట్టుకుపోయిన ప్రతిసారీ మన పేపర్లలో (మీది కూడా కలిపే అంటున్నా) వార్త ఒకే దారిలో నడుస్తుంది. ఎన్ని క్యూసెక్కులు పోయాయి, ఎన్ని టీఎంసీలు వృథా అయ్యాయి, ఎవరి హయాంలో గ్రీజు పెట్టలేదు, ఎవరు ఎవర్ని తిట్టారు. తర్వాత స్టాప్‌లాగ్ (పోయిన గేటు చోట తాత్కాలికంగా దించే ఉక్కు అడ్డు) దించుతున్న ఫొటో, ఆ తర్వాత ఇంకో వార్త. ఆ నీళ్లకీ ఆ గేటుకీ మధ్య అసలేం జరిగిందో మాత్రం ఎవరూ రాయరు. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పంపులు, వాల్వుల లోపల నీళ్లు ఎలా పారతాయో కంప్యూటర్ మీద లెక్కకట్టే పని చేస్తాను, అందుకే ఈ విషయం మీద ఊరుకోలేక రాస్తున్నా. ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే నా అభిప్రాయాలు కత్తిరించండి, అంకెలు మాత్రం ఉంచండి.

మన దగ్గర జరిగినవే చూడండి. 2021 ఆగస్టు 5న పులిచింతలలో గేట్లు ఎత్తుతుండగా 16వ గేటు ఊడిపోయింది. గుండ్లకమ్మలో 2022లో ఒకటి, 2023లో ఇంకొకటి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు చైన్ తెగింది. నెల తిరక్కముందే సెప్టెంబరు 1న ప్రకాశం బ్యారేజీకి పడవలు కొట్టుకొచ్చి కౌంటర్ వెయిట్లను (గేటు తేలిగ్గా లేవడానికి కట్టే ఎదురు బరువుల్ని) గుద్దాయి, మర్నాడు అక్కడ 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయింది. మేడిగడ్డని ఈ లిస్టులో కలపడం లేదు, అక్కడ సమస్య పునాది కింద, అది వేరే శాస్త్రం.

వీటన్నిటికీ ఒకే కారణం ఉందని నేననను. తుప్పు ఉంది, మెయింటెనెన్స్ లేకపోవడం ఉంది. అయితే గేటు ఎత్తిన ప్రతిచోటా ఒకటి మాత్రం ఉంటుంది, గేటు కదులుతుంది, నీళ్లూ కదులుతాయి, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మన లెక్కలు ఎక్కువగా రెండూ కదలకుండా నిలబడి ఉన్నట్టు అనుకుని కట్టినవి.

నిలబడిన నీళ్ల లెక్క తేలిక, ఇంటర్ ఫిజిక్స్ చాలు. తుంగభద్ర గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. నీళ్లు గేటు పై అంచు దాకా ఉంటే దాని మీద పడే బలం సుమారు 340 టన్నులు. పోలవరం గేటు 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు, దాని మీద ఇదే లెక్కన 3,200 టన్నులు. అంటే ఎత్తు మూడు రెట్లు పెరిగితే బలం తొమ్మిది పది రెట్లు పెరుగుతుంది. ఈ బలానికి కొంత మార్జిన్ కలిపి డిజైన్ చేస్తారు, మూసి ఉన్న గేటుకి అది సరిపోతుంది కూడా.

గేటుని ఒక అడుగు ఎత్తారనుకోండి, కథ మారిపోతుంది. కింద సందులోంచి నీళ్లు సెకనుకి పది మీటర్ల పైన వేగంతో దూసుకెళ్తాయి. గేటు కింది అంచు దగ్గర పీడనం పడిపోయి గేటుని కిందికి లాగుతుంది. అంచు దాటాక సుడులు పుట్టి, విడిపోయి, మళ్లీ పుడతాయి. ఆ కుదుపులకి గేటు ఒక మిల్లీమీటరు కదిలినా సందు సైజు మారుతుంది, సందు మారితే నీటి వేగం మారుతుంది, వేగం మారితే బలం మారుతుంది, ఆ బలం గేటుని మళ్లీ కదుపుతుంది. ఈ చక్రం ఒక్కోసారి తనంతట తనే చల్లారిపోతుంది, ఒక్కోసారి తనంతట తనే పెరుగుతుంది. పెరిగితే ఏ మార్జినూ ఆగదు. 1940 నవంబర్ 7న అమెరికాలో టకోమా వంతెన గాలికి మెలితిరిగి కూలిన వీడియో మీరు చూసే ఉంటారు. అది రెజొనెన్స్ (బయటి కుదుపుల తాళం వంతెన సొంత ఊపు తాళంతో కలిసిపోవడం) వల్లే అని చాలా పుస్తకాల్లో ఉంటుంది, నిజానికి అక్కడ జరిగింది ఈ రెండో రకం, వంతెన కదలికే గాలి నుంచి శక్తి లాక్కుని ఆ కదలికని పెంచింది.

గేట్లలో దీనికి అందరూ చెప్పుకునే కేసు కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ డ్యాం. 1995 జులై 17న ఆపరేటర్ 3వ నంబర్ రేడియల్ గేటుని (ఇరుసు మీద తిరుగుతూ లేచే వంపు గేటు) మామూలుగానే ఎత్తుతున్నాడు, వరద కూడా లేదు. గేటు వణుకుతున్నట్టు అనిపించింది, ఆపి చూసేసరికే గేటు ఊడిపోయింది. ట్రనియన్ దగ్గర, అంటే గేటు చేతులు తిరిగే ఇరుసు దగ్గర, రాపిడి పెరిగి చేతులు వంగి విరిగాయని అధికారిక విచారణ తేల్చింది. జపాన్ ఇంజనీర్లు ఇషీ, అనామీ వాళ్లు ఒప్పుకోలేదు. 1967లో తమ దేశంలో వాచీ డ్యాం గేటు ఇలాగే పోయిందనీ, రెండు చోట్లా గేటు రెండు రకాలుగా ఒకేసారి ఊగడం మొదలుపెట్టి తనని తానే విరుచుకుందనీ వాదించారు. నాకైతే రెండూ కలిసే పనిచేసి ఉంటాయనిపిస్తుంది, రాపిడి అంత ఉంటే వణుకు స్వభావమే మారిపోతుంది కదా. ఏదేమైనా ఆపరేటర్‌కి కాళ్ల కింద తెలిసిన వణుకు డిజైన్ కాగితాల్లో ఎక్కడా లేదు.

మరి మన వాళ్లు మోడల్ కట్టి పరీక్షించరా అంటారు. కడతారు. 1916లో మొదలై, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో పోలవరం స్పిల్‌వే (వరద నీరు బయటికి పోయే గేట్ల కట్టడం) మోడల్ కట్టి పరీక్షించారు. మంచి సంస్థ, నాకు గౌరవం. కానీ 50వ వంతు మోడల్‌లో నీళ్లు ఎటు పోతాయో, ఎంత పోతాయో బాగా తెలుస్తుంది గానీ గేటు ఎలా వణుకుతుందో తెలియడం చాలా కష్టం. ఎందుకంటే 20 మిల్లీమీటర్ల ఉక్కు రేకు మోడల్‌లో 0.4 మిల్లీమీటర్లు కావాలి, దాని గట్టిదనం కూడా ఉక్కులో 50వ వంతే ఉండాలి, అంటే దాదాపు ప్లాస్టిక్ అంత, బరువు మాత్రం ఉక్కంత. అలాంటి పదార్థం కోసం తిప్పలు పడాలి. దానికంటే కంప్యూటర్‌లో అసలు సైజు గేటునే పెట్టి, అసలు సైజు నీళ్లనే పారించడం నయం.

ఇక్కడ చాలామంది "సూపర్ కంప్యూటర్ ఉంది కదా, అదే చెబుతుంది" అన్నట్టు మాట్లాడతారు. అది జాతకం చెప్పే మెషీన్ కాదు. పనెలా జరుగుతుందో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఖర్చు ఎక్కడుందో, చిక్కు ఎక్కడుందో అందులోనే తెలుస్తుంది.

ఒక్క గేటు చుట్టూ 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు ఉన్న నీటి భాగాన్ని తీసుకుని పది సెంటీమీటర్ల గళ్లుగా కోస్తే 2.4 కోట్ల గళ్లు వస్తాయి. గేటు అంచు దగ్గర ఇంకా సన్నగా, ఒక సెంటీమీటరుకి, కొయ్యాలి. అక్కడ నీళ్లు సెకనుకి పది మీటర్లు పోతున్నాయి కాబట్టి ఒక గడి దాటడానికి సెకనులో వెయ్యోవంతు పడుతుంది, లెక్క కూడా అంతంత చిన్న అంగల్లోనే ముందుకు జరగాలి. ఒక్క నిమిషం వరదకి 60,000 అంగలు. ప్రతి అంగలో ప్రతి గడిలో వేగం, పీడనం, ఆ గడిలో నీరెంత గాలెంత అన్నీ తేల్చాలి. మామూలు ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మీద, అంటే లెక్క కట్టే ఒక్క భాగం మీద, పెడితే నెలలు పడుతుంది. అందుకే పంచుకోవాలి.

పంచుకోవడం అంటే పెద్ద మడి నాటడానికి కూలీలు వరసలు పంచుకున్నట్టే. ఎవరి భాగం వాళ్లదే, కానీ పక్కవాళ్ల వరస ఎక్కడ ముగిసిందో చూసుకోకపోతే మధ్యలో ఖాళీ మిగులుతుంది. కంప్యూటర్‌లో కూడా ప్రతి కోర్ తన గళ్ల లెక్క కట్టి, సరిహద్దు గళ్ల విలువలు పక్క కోర్‌కి పంపి, దాని విలువలు తీసుకుని, అప్పుడే తర్వాతి అంగ వేస్తుంది. అందరూ ఆఖరివాడి కోసం ఆగాలి. గేటు కదలకపోతే పంపకం ఒకసారి చేస్తే చాలు. గేటు కదిలితే దాని చుట్టూ ఉన్న సన్న గళ్లు కూడా దాంతోపాటు జరుగుతాయి, కొన్ని నొక్కుకుపోతాయి, కొన్ని కొత్తగా పుట్టించాలి, నిన్నటిదాకా తేలిగ్గా ఉన్న కోర్ మీద ఇవాళ భారమంతా పడుతుంది, మిగతా వందల కోర్లు ఖాళీగా దాని మొహం చూస్తూ కూర్చుంటాయి. గళ్లని కదపకుండా, గేటు ఉన్న చోట నీటికి ఒక బలం తగిలించి సరిపెట్టే పద్ధతి ఇంకోటుంది, చార్లెస్ పెస్కిన్ అనే ఆయన 1972లో గుండె కవాటాల చుట్టూ రక్తం ఎలా పారుతుందో లెక్కకట్టడానికి కనిపెట్టాడు. ఇవాళ దాన్ని చేపల ఈత నుంచి గాలిమరల దాకా వాడుతున్నారు. గేటు అంచు దగ్గర పీడనం కచ్చితంగా కావాలంటే మాత్రం నేను గళ్లు కదిపే పద్ధతికే ఓటేస్తాను.

అసలు చిక్కు ఇంకా రాలేదు. నీళ్లకి ఒక ప్రోగ్రాం, ఉక్కుకి ఒక ప్రోగ్రాం విడివిడిగా ఉంటాయి. నీళ్ల ప్రోగ్రాం బలం చెబుతుంది, ఉక్కు ప్రోగ్రాం ఆ బలానికి గేటు ఎంత జరిగిందో చెబుతుంది, మళ్లీ నీళ్లకి చెప్పాలి. అంగకి ఒక్కసారి చెప్పుకుని పోతే సరిపోదా? విమానం రెక్కకి చాలాసార్లు సరిపోతుంది, గాలి తేలిక కాబట్టి. నీళ్లలో గేటుకి సరిపోదు. గేటు ఊగితే దాంతోపాటు కొంత నీరు కూడా ఊగుతుంది. భూకంపాలప్పుడు డ్యాం మీద పడే బలానికి వెస్టర్‌గార్డ్ 1933లో ఇచ్చిన సూత్రంతో చూస్తే తుంగభద్ర గేటు మొత్తం ముందుకీ వెనక్కీ కదిలినప్పుడు దాన్ని అంటిపెట్టుకుని కదిలే నీరు సుమారు 400 టన్నులు, గేటు సొంత బరువుకి కొన్ని రెట్లు. ఇంత బరువు "అవతలివాడి లెక్కలో" ఉండిపోతే రెండు ప్రోగ్రాములూ ఒకదాని జవాబుకి ఇంకోటి అతిగా స్పందించి, నాలుగైదు అంగల్లోనే గేటు చంద్రమండలానికి పోయినట్టు అంకెలు వస్తాయి. కాబట్టి ప్రతి అంగలోనూ రెండూ ఒక మాట మీదకి వచ్చేదాకా మళ్లీ మళ్లీ మాట్లాడుకోవాలి. ఖర్చు అక్కడే మూడు నాలుగు రెట్లవుతుంది.

దీనికి తోడు అమ్డాల్ అనే ఆయన 1967లో చెప్పిన లెక్కొకటి ఉంది. పనిలో 5 శాతం పంచుకోవడానికి వీల్లేనిదైతే ఎన్ని వేల కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. గేటు ఉక్కు లెక్క చిన్నది, దాన్ని ఒక్క మెషీన్ మీద పెట్టి సరిపెట్టేద్దాం అనుకుంటారు కదా, ఆ చిన్న లెక్క అవుతున్నంతసేపూ నీళ్ల తాలూకు 500 కోర్లు కరెంటు తింటూ ఖాళీగా ఉంటాయి. సూపర్ కంప్యూటర్ కొన్నాం అని ఫొటోలు దిగేవాళ్లు ఈ 5 శాతం సంగతి చూసుకుంటే బాగుంటుంది.

ఇంతా చెప్పి ఇది మన వల్ల కాదనడం లేదు, పూర్తిగా అవుతుందనే అంటున్నా. ఒక్కో కోర్‌కి యాభై వేల గళ్ల కంటే తక్కువ ఇస్తే లెక్క కంటే మాటలే ఎక్కువవుతాయని మా పనిలో ఒక అంచనా. ఆ లెక్కన 2.4 కోట్ల గళ్లకి 500 కోర్లు చాలు. ఇవాళ పది సర్వర్ల లోపే అన్ని కోర్లు వస్తాయి. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటర్ ఉంది, 838 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు), బెంగళూరు ఐఐఎస్సీలో పరమ్ ప్రవేగ దానికి మూడు నాలుగు రెట్లు పెద్దది. సాఫ్ట్‌వేర్ ఖర్చు కూడా కాదు, నీళ్లకి ఓపెన్‌ఫోమ్, ఉక్కుకి కాల్క్యులిక్స్, రెండిటినీ కలపడానికి జర్మనీ యూనివర్సిటీల వాళ్లు రాసిన ప్రిసైస్, మూడూ ఉచితమే. మనుషుల సంగతంటారా, ఈ శాస్త్రంలో మనవాళ్లకి కొరత ఎప్పుడూ లేదు. ఉక్కు లెక్కలు కట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి పాఠాలు ప్రపంచమంతా వరంగల్ వైపు నుంచి వెళ్లిన జె.ఎన్. రెడ్డి పుస్తకాల్లో చదువుకుంటోంది, గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి ఇదే రంగంలో పెద్ద పేరు. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, మన దేశంలో మొట్టమొదటి పారలల్ కంప్యూటర్ (పనిని పంచుకుని ఒకేసారి చేసేది) అని చెప్పుకునే ఫ్లోసాల్వర్‌ని 1986లో బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ ల్యాబ్‌లో కట్టింది ఫ్లూయిడ్ డైనమిక్స్, అంటే గాలీ నీళ్లూ పారే తీరు, లెక్కల కోసమే. అప్పుడు ఆ ల్యాబ్ డైరెక్టర్ రొద్దం నరసింహ, ఆ ఇంటిపేరు వింటే అనంతపురం వైపు వాళ్లకి వాళ్ల ఊరే గుర్తొస్తుంది. అది పరమ్ వరస సూపర్ కంప్యూటర్ల కంటే ముందు మాట.

ఇప్పుడు నా అసలు మాట. ఈ లెక్క వరద వచ్చిన రోజున కట్టేది కాదు. ఎంత బాగా పంచుకున్నా ఒక్క పరిస్థితికి ఒక రాత్రి పడుతుంది, వరద అంతసేపు ఆగదు. 2024 ఆగస్టులో తుంగభద్రలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. చైన్ తెగింది, మిగతా గేట్లన్నీ ఎత్తి ఒత్తిడి తగ్గించారు. నీటిమట్టం బాగా తగ్గించాకే స్టాప్‌లాగ్ పెట్టగలమని మొదట అనుకున్నారు. చివరికి గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి నాయకత్వంలో పారుతున్న నీళ్లలోనే ఒక్కో ముక్కా క్రేన్లతో దించి ఆగస్టు 17కల్లా మూసేశారు, లక్షల ఎకరాల నీళ్లు మిగిలాయి. ఆ పని చేసిన ఇంజనీర్లకీ కూలీలకీ దండం పెట్టాలి. కానీ అంత పెద్ద ఉక్కు ముక్క పారే నీళ్లలోకి దిగుతుంటే ఏ లోతులో నీళ్లు దాన్ని ఎంత బలంతో కిందికి లాగుతాయి, ఏ కోణంలో గాడిలో ఇరుక్కుంటుంది, ఏ వేగంలో ఊగుతుంది అన్నది అప్పటికప్పుడు అనుభవంతో ఊహించాల్సి వచ్చింది. అంత అనుభవం ఉన్న మనిషి ప్రతి డ్యాం దగ్గరా ఉండడు. ఈ ప్రశ్న చూడండి, నీళ్లు, అందులో కదిలే ఉక్కు, అచ్చంగా ఈ సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లో జరిపి చూసే లెక్క, పుట్టిందే దీనికోసం.

ఎండాకాలంలో కూర్చుని, పది నీటిమట్టాలు, పది ఓపెనింగులు, పక్క గేట్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అనే ఐదు రకాలు, అన్నీ కలిపి 500 కేసులు ముందే కట్టేయొచ్చు. ఈ కేసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోనక్కర్లేదు, పక్కపక్కన పెట్టి నడిపించొచ్చు, పారలల్ పనుల్లో ఇంతకంటే సుఖమైనది లేదు. పెద్ద మెషీన్ మీద ఐదు వేల కోర్లు ఇస్తే రాత్రికి పది చొప్పున యాభై రాత్రులు, నీళ్లూ ఉక్కూ ఎక్కువసార్లు మాట్లాడుకోవాల్సిన కేసులకి ఇంకొన్ని కలుపుకోండి. గేటుని నిలువుగా కోసిన ఒక్క ముక్కకి ముందు చిన్న లెక్కలు కట్టి, ప్రమాదం లేని కేసులు పక్కన పెట్టేస్తే అందులో సగం కూడా పట్టదు. వచ్చిన ఫలితాన్ని ఒక పేజీ పట్టికగా చేసి కంట్రోల్ రూం గోడకి అంటించాలి. ఇంత నీటిమట్టంలో ఈ ఓపెనింగ్‌లో గేటుని ఆపొద్దు, ఎత్తితే దాటించెయ్యి. ఈ గేటు పోతే ముందు ఆ రెండు గేట్లు తెరువు. స్టాప్‌లాగ్ దించేటప్పుడు క్రేన్ మీద ఇంత బరువు పడుతుంది. తుంగభద్రలో 33 గేట్లూ మార్చాలని నిర్ణయించారు కదా, కొత్త గేట్లకైనా ఇది చెయ్యకపోతే మళ్లీ నిలబడిన నీళ్ల లెక్కతోనే ఇంకో డెబ్బై ఏళ్లు గడుపుతాం.

దీనితో అన్నీ ఆగిపోతాయని మాత్రం ఎవరూ రాయొద్దు. తుంగభద్ర చైన్ లింకు తెగుతుందని ఏ సిమ్యులేషనూ చెప్పేది కాదు. రేకు మందం 20 మిల్లీమీటర్లని మనం ఇస్తే కంప్యూటర్ 20 అనే నమ్ముతుంది, అక్కడ తుప్పు తినేసి 12 మిగిలిందని దానికి తెలీదు. తుప్పు కొలవడానికి మనిషి గేటు ఎక్కాలి, అల్ట్రాసోనిక్ మీటర్ పెట్టాలి, గుండ్లకమ్మ లాంటి చోట్ల ముందు కావాల్సింది అదే. పడవల విషయానికీ అంతే, పడవ గుద్దితే ఎంత దెబ్బ తగులుతుందో లెక్కకట్టొచ్చు గానీ పడవని సరిగ్గా కట్టేయడానికి తాడు కావాలి, కంప్యూటర్ కాదు. ఇంకోటి, అసలు కొలతతో పోల్చి చూడని సిమ్యులేషన్ రంగుల బొమ్మే. మా రంగంలో అలాంటి అందమైన బొమ్మలు చూపించి రిపోర్టులు అమ్ముకునేవాళ్లు లేకపోలేదు, టెండర్ పిలిస్తే ముందు వచ్చేది వాళ్లే.

అందుకే శాఖని నేను అడిగేది డబ్బు కాదు, సమాచారం. గేట్ల డ్రాయింగులు, ఇప్పుడున్న రేకు మందాలు, ఎత్తేటప్పుడు హాయిస్ట్ (గేటుని పైకి లాగే యంత్రం) మోటారు తీసుకున్న కరెంటు, ఏ రోజు ఏ గేటు ఎంత ఎత్తారు, ఇవన్నీ ఎక్కడో ఒక బీరువాలో ఉంటాయి. భద్రత కారణాలు చెబితే అందరికీ వద్దు, కనీసం ఐఐటీ, ఎన్ఐటీల్లో ఈ పని చేసే పిల్లలకి ఇవ్వండి. ఎంటెక్ ప్రాజెక్టుకి విదేశీ పేపర్‌లోని గేటు తీసుకుని లెక్క కట్టే కుర్రాడికి మన ఊరి గేటు ఇస్తే వద్దంటాడా?

ఆపరేటర్లని కూడా అడగండి. ఏ గేటు ఎంత ఎత్తినప్పుడు వణుకుతుందో వాళ్లకి తెలుసు, రిజిస్టర్‌లో రాసే గడి లేదు కాబట్టి రాయరు. ఆ గడి ఒకటి పెట్టించడానికి జీవో అక్కర్లేదు, ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) స్థాయిలో అయిపోతుంది. మామూలు ఫోన్‌లో ఉండే సెన్సర్ సెకనుకి సుమారు వందసార్లు కదలికని కొలుస్తుంది, గేటు వణుకు చాలావరకు దానికి అందుతుంది. గేటు ఎత్తేటప్పుడు ఫోన్‌ని హాయిస్ట్ బ్రిడ్జి మీద రెండు నిమిషాలు పెట్టి, నీటిమట్టం, ఓపెనింగ్ రాసి ఆ ఫైల్ దాస్తే చాలు, మా లాంటి వాళ్లకి పోల్చి చూసుకోవడానికి అదే మొదటి కొలత అవుతుంది. ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టొచ్చు. మీ విలేకరులు కూడా ఈసారి గేటు వార్తకి వెళ్తే, ఊడిపోయే ముందు గేటు ఎన్ని అడుగులు ఎత్తి ఉందో, వణికిందో లేదో ఆపరేటర్‌ని అడిగి రాయండి.

ఇట్లు,
ఒక మెకానికల్ ఇంజనీరు, హైదరాబాద్